పళ్ళ మీద తెల్లమచ్చలు: ఏ మచ్చో పోల్చుకుని తగిన చికిత్స చేయించుకోవడం ఎలా

ముందు పళ్ళ మీద తెల్లటి మచ్చ కనబడగానే చాలామంది పళ్ళను తెల్లబరిచే పేస్టు కొనుక్కుంటారు. ఆ పేస్టులోని గరుకు పొడి పంటి పైన పట్టిన టీ, కాఫీ మరకల్ని గీకుతుంది, అంతవరకే. తెల్లమచ్చ పంటి పైన పట్టింది కాదు, పంటిని కప్పి ఉండే గట్టి పొర అయిన ఎనామిల్ లోపల ఏర్పడింది. ఎంత తోమినా అది పోదు. గట్టిగా తోమితే పక్కనున్న మంచి ఎనామిల్ అరుగుతుంది, చిగురు వెనక్కి జరుగుతుంది, పళ్ళు జివ్వుమనడం మొదలవుతుంది.

మచ్చ తెల్లగా ఎందుకుంటుందో తెలిస్తే మిగతాదంతా సులువు. ఎనామిల్ బరువులో దాదాపు 96 శాతం ఖనిజమే. ఆ ఖనిజం దట్టంగా ఉన్నచోట వెలుతురు లోపలికి చొచ్చుకుపోతుంది, పన్ను తన సహజమైన రంగులో కనిపిస్తుంది. ఖనిజం తగ్గినచోట కంటికి ఆనని రంధ్రాలు ఏర్పడి, వాటిలో నీరో గాలో చేరుతుంది. ఎనామిల్ వక్రీభవన సూచిక (వెలుతురును ఎంత వంచుతుందో చెప్పే అంకె) సుమారు 1.62, నీటిది 1.33, గాలిది 1.0. ఈ తేడా వల్లే వెలుతురు చెదిరిపోయి ఆ చోటు సుద్దలా తెల్లగా కనబడుతుంది. తేడా ఎంత పెరిగితే తెలుపు అంత ఎక్కువ. తడిగా ఉన్నప్పుడు లేని మచ్చ పన్ను ఆరగానే బయటపడడం ఇందువల్లే. చికిత్సలు కూడా దాదాపు అన్నీ ఈ లెక్క మీదే నడుస్తాయి. రంధ్రాల్లో మళ్ళీ ఖనిజం చేర్చాలి, లేదా ఎనామిల్‌కు దగ్గర సూచిక ఉన్న రెజిన్ (లైటు తగిలితే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి ద్రవం) నింపాలి, లేదా ఆ పొరనే తీసేయాలి.

మొదటి అడుగు: ఇంట్లోనే సరిగ్గా చూసుకోండి

మెత్తటి బ్రష్‌తో పాచి అంతా పోయేలా తోముకోండి. పాచి కింద ఉన్న మచ్చ అసలు కనబడదు. తర్వాత కిటికీ దగ్గర, పగటి వెలుతురులో, అద్దం ముందు నిలబడి పెదవి ఎత్తి చూడండి. ముందు తడి పళ్ళను ఒక ఫొటో తీయండి. ఆ తర్వాత శుభ్రమైన గుడ్డతోనో టిష్యూతోనో పళ్ళు తుడిచి, పెదవి తగలకుండా అరనిమిషం ఆగి మరో ఫొటో తీయండి. ఫ్లాష్ వద్దు. దాని మెరుపును మచ్చగా పొరబడతారు.

తడిగా ఉన్నప్పుడు కూడా కనిపిస్తే మచ్చ కాస్త లోతుగా ఉన్నట్టు. ఆరాక మాత్రమే కనిపిస్తే పైపైనే ఉన్నట్టు. దంతవైద్యులు కూడా ఇదే పద్ధతిలో, 5 సెకన్లపాటు గాలి ఊది చూస్తారు.

నాలుగు సంగతులు రాసి పెట్టుకోండి. మచ్చ పంటి మీద ఎక్కడుంది: చిగురు అంచునా, మధ్యలోనా, కొరికే అంచు దగ్గరా? కుడివైపు పంటి మీద ఉన్నట్టే ఎడమవైపు జత పంటి మీద కూడా ఉందా? దాని అంచు గీత గీసినట్టు ఉందా, చుట్టూ కలిసిపోయిందా? పైన మెరుపు ఉందా, మెరుపు లేకుండా గరుకుగా ఉందా? దీనితోపాటు మచ్చ పన్ను మొలిచినప్పటి నుంచీ ఉన్నదా, ఈమధ్య వచ్చిందా అన్నది కూడా ముఖ్యం. పాత ఫొటోల్లో నవ్వుతూ ఉన్నవి వెతికితే తెలిసిపోతుంది.

సూదితోగానీ పిన్నుతోగానీ గుచ్చి చూడకండి. పుచ్చు తొలిదశలో మచ్చ లోపల ఖనిజం కరిగిపోయినా పైన కొన్ని పదుల మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందాన గట్టి పొర మిగిలే ఉంటుంది. మచ్చ మళ్ళీ కోలుకోవడానికి ఆ పొరే ఆధారం. అది పగిలితే రంధ్రం పడినట్టే, ఇక ఫిల్లింగ్ తప్పదు.

రెండో అడుగు: మచ్చ రకాన్ని పోల్చుకోండి

ఈ అడుగు దగ్గర తొందరపడకండి. ఒక రకానికి పనిచేసే చికిత్స ఇంకో రకానికి దండగ.

చిగురు అంచు వెంట నెలవంకలా వంగి, మెరుపు లేకుండా, గరుకుగా ఉండి, ఏడాది కిందటి ఫొటోలో లేకపోతే అది పుచ్చు మొదలవుతున్న మచ్చ. పాచిలోని సూక్ష్మజీవులు చక్కెరను తిని ఆమ్లం వదులుతాయి. పాచి పీహెచ్ (ఆమ్లం పెరిగేకొద్దీ తగ్గే అంకె) సుమారు 5.5 కంటే తగ్గితే ఎనామిల్ నుంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి వస్తాయి. లాలాజలం మళ్ళీ ఆ ఖనిజాన్ని లోపలికి చేరుస్తుంది. కరిగేది ఎక్కువై చేరేది తక్కువైతే మచ్చ పడుతుంది. దాని పక్కన చిగురు ఎర్రగా ఉబ్బి, బ్రష్ తగిలితే రక్తం వస్తుంటే మచ్చ ఇంకా పెరుగుతూనే ఉందనుకోవచ్చు. మచ్చ నున్నగా, మెరుస్తూ, చిగురుకు కాస్త ఎడంగా ఉంటే అది ఎప్పుడో ఆగిపోయిన పాత మచ్చ. దానితో ప్రమాదం లేదు, అందం సంగతి ఒక్కటే మిగిలింది.

పళ్ళకు క్లిప్పులు వేయించుకున్నవాళ్ళలో ఇదే మచ్చ క్లిప్పు చుట్టూ చట్రంలా ఏర్పడుతుంది. పాచి కదలకుండా ఉండిపోతే నాలుగు వారాల్లోనే కంటికి కనబడేంత మచ్చ పడగలదు. క్లిప్పులు తీసిన రోజున అద్దంలో కనిపించే చతురస్రపు మచ్చలు ఇవే. క్లిప్పు అంటించిన చోటు మధ్యలో బాగానే ఉంటుంది, చుట్టూ తెల్లబడుతుంది.

ఫ్లోరోసిస్ మచ్చలు వేరు. పళ్ళు చిగురు లోపల తయారవుతున్న వయసులో ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా వెళ్తే ఇవి వస్తాయి. జత పళ్ళు ఒకే కాలంలో తయారవుతాయి కాబట్టి మచ్చలు కుడిఎడమల ఒకేలా ఉంటాయి. పంటికి అడ్డంగా సన్నటి తెల్లగీతలు, మబ్బు కమ్మినట్టు కలిసిపోయిన అంచులు, కొరికే అంచు దగ్గర ఎక్కువ తెలుపు దీని గుర్తులు. తీవ్రంగా ఉంటే గుంటలు పడతాయి, పన్ను మొలిచాక గోధుమరంగు మరక పట్టుకుంటుంది. జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ళ కిరీటభాగం ఎనిమిదేళ్ళ వయసుకల్లా దాదాపు తయారైపోతుంది. కాబట్టి పెద్దయ్యాక ఫ్లోరైడ్ పేస్టు వాడినందువల్ల ఫ్లోరోసిస్ మచ్చలు రావు. ఈ భయంతో పేస్టు మానేసి పుచ్చు తెచ్చుకునేవాళ్ళు ఉన్నారు, అందుకే ఇంత గట్టిగా చెప్పడం.

గీత గీసినట్టు అంచు ఉండి, తెలుపు, మీగడరంగు లేదా పసుపు గోధుమరంగులో ముందు పళ్ళ మీద ఒకటో రెండో మచ్చలుంటే, వెంటనే వెనక ఉన్న మొదటి దవడ పళ్ళు చూడండి. అవి ఆరేళ్ళప్పుడు పాలపళ్ళ వెనక మొలిచేవి. వాటి మీద కూడా అలాంటివే ఉంటే దాన్ని మోలార్ ఇన్సైజర్ హైపోమినరలైజేషన్ అంటారు. చిన్నగా ఎంఐహెచ్. ఈ పళ్ళన్నింటి ఎనామిల్ పుట్టుక నుంచి మొదటి కొన్నేళ్ళలో తయారవుతుంది కాబట్టి ఆ కాలంలో తేడా వస్తే రెండింటి మీదా పడుతుంది. ఫ్లోరోసిస్‌లోలాగా కుడిఎడమల పోలిక ఉండదు. ఒక పన్ను బాగా దెబ్బతిని పక్కది శుభ్రంగా ఉండవచ్చు. ఈ పళ్ళ ఎనామిల్ మెత్తన, మొలిచిన కొద్ది నెలల్లోనే పెళ్ళలుగా రాలిపోవచ్చు. చల్లనీళ్ళు తగిలితే పిల్లలు విలవిల్లాడతారు, తోమనివ్వరు. ఇలాంటి పళ్ళలో మత్తు ఇంజెక్షన్ కూడా ఒక్కోసారి సరిగా ఎక్కదు. వైద్యులకు ముందే చెప్తే దానికి తగ్గట్టు సిద్ధమవుతారు. ముందు పంటి మచ్చ కంటే దవడ పన్నును కాపాడుకోవడం ఇక్కడ ముందు పని.

ఒకే ఒక్క పన్ను మీద మచ్చ ఉండి, మిగతావన్నీ శుభ్రంగా ఉంటే, చిన్నప్పుడు పాలపన్నుకు తగిలిన దెబ్బ కారణమై ఉండవచ్చు. పాలపన్ను వేరు కొసన చీము పట్టినా కింద తయారవుతున్న పంటి ఎనామిల్ దెబ్బతింటుంది.

ఇక పొద్దున్న లేవగానే కనిపించి మధ్యాహ్నానికి మాయమయ్యే మచ్చలుంటాయి. నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళలో పై ముందు పళ్ళు ఆరిపోతాయి, అప్పటిదాకా దాగున్న చిన్న లోపాలు తేలతాయి. క్లినిక్‌లో చాలాసేపు నోరు తెరిచి ఉంచాక కూడా ఇంతే. ఒక రోజు ఆగండి. పళ్ళ మచ్చ కంటే నోటితో ఊపిరి ఎందుకు తీస్తున్నారన్నది చూపించుకోవడం మేలు.

ఆగకుండా వెళ్ళాల్సిన సందర్భాలు కొన్ని: మచ్చ గోధుమ, నలుపు రంగుకు తిరగడం, గోరు పట్టేంత గుంట పడడం, తీపి తింటే నొప్పి రావడం, పన్ను ముక్క రాలడం. వీటికి ఇంట్లో చేయగలిగింది లేదు. పళ్ళన్నింటి మీదా ఎనామిల్ లోపాలుండి, పిల్లలు సరిగా ఎదగకపోవడం, తరచూ విరేచనాలు ఉంటే దంతవైద్యులతోపాటు పిల్లల వైద్యులకూ చూపించండి. గోధుమల్లోని గ్లూటెన్ ఒంటికి పడని సీలియాక్ వ్యాధిలో ఇలా కనిపించవచ్చు.

మూడో అడుగు: మచ్చ పెరగకుండా ఆపండి

ఇది పుచ్చు మచ్చలకు, క్లిప్పుల మచ్చలకు. పన్ను మొలిచేనాటికే ఉన్న ఫ్లోరోసిస్, ఎంఐహెచ్, దెబ్బ మచ్చలు ఇంటి జాగ్రత్తలతో పోవు. అయినా క్లినిక్ చికిత్సకు ముందు నోరు శుభ్రంగా ఉండాలి కాబట్టి ఈ అడుగు ఎవరూ దాటేయకూడదు.

పేస్టు గొట్టం మీద ఫ్లోరైడ్ అంకె చూడండి. పెద్దవాళ్ళకు 1,000 నుంచి 1,500 పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలో చెప్పే లెక్క) మధ్య ఉండాలి, 1,450 ఉంటే బాగు. రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు. రెండిట్లో ఒకటి రాత్రి పడుకునేముందు, ఆ తర్వాత నోట్లో నీళ్ళు తప్ప ఏమీ పడకూడదు. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, అప్పుడు పంటిని కాపాడేది ముందుగా పట్టించిన ఫ్లోరైడే. బ్రష్‌ను చిగురు అంచుకు 45 డిగ్రీల కోణంలో ఆనించి, చిన్నచిన్నగా కదపండి. మచ్చ ఉన్నది అక్కడే, బ్రష్ సాధారణంగా చేరనిదీ అక్కడే.

తోముకున్నాక నురుగు ఉమ్మేయండి, నీళ్ళతో పుక్కిలించకండి. చాలామందికి ఇది కొత్తగా ఉంటుంది. చెంబెడు నీళ్ళతో కడిగేసుకుంటే అంతవరకూ పట్టించిన ఫ్లోరైడ్ సింకులోకి పోయినట్టే. అరగంట వరకు ఏమీ తినకుండా, తాగకుండా ఉండండి.

ఫ్లోరైడ్ మౌత్‌వాష్ వాడితే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్నది చూసుకోండి. అందులో ఫ్లోరైడ్ దాదాపు 225 పీపీఎం, అంటే పేస్టు కంటే చాలా తక్కువ. కాబట్టి తోముకోగానే వాడితే నష్టమే. మధ్యాహ్నం భోజనం తర్వాత 10 మిల్లీలీటర్లు నోట్లో పోసుకుని ఒక నిమిషం తిప్పి ఉమ్మేయండి. ఆరేళ్ళలోపు పిల్లలకు వద్దు, వాళ్ళు మింగేస్తారు.

తీపి విషయంలో ఎంత తిన్నారన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నారన్నది ముఖ్యం. ఒక్కసారి తీపి తగిలితే పాచిలో ఆమ్లం పెరిగి, మళ్ళీ మామూలు కావడానికి అరగంట నుంచి గంట పడుతుంది. చక్కెర వేసిన కాఫీని రెండు గంటలపాటు గుక్క గుక్కగా తాగితే పన్ను ఆ రెండు గంటలూ కరుగుతూనే ఉంటుంది. ఒకేసారి తాగేయండి. కూల్‌డ్రింకులు, పుల్లటి పళ్ళరసాలు తాగిన వెంటనే తోమకండి. మెత్తబడిన ఎనామిల్ బ్రష్‌కు ఊడివస్తుంది. నీళ్ళతో పుక్కిలించి అరగంట ఆగండి. తిన్నాక పది ఇరవై నిమిషాలు చక్కెర లేని గమ్ నమిలితే లాలాజలం ఊరి ఆమ్లం త్వరగా తగ్గుతుంది. అలర్జీ మందులు, డిప్రెషన్ మందులు కొన్ని నోరు ఎండేలా చేస్తాయి. అలాంటివి వాడుతూ మచ్చలు పెరుగుతుంటే ఆ సంగతి దంతవైద్యులకు చెప్పండి, మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

పాల ప్రొటీన్ నుంచి తీసిన సీపీపీ-ఏసీపీ క్రీములు దొరుకుతాయి. ఇవి కాల్షియం, ఫాస్ఫేట్‌ను పంటికి అందిస్తాయి. రాత్రి తోముకున్నాక బఠాణీ గింజంత వేలితో మచ్చల మీద రాసి, మూడు నిమిషాలు ఉంచి, ఎక్కువైంది ఉమ్మేసి కడగకుండా పడుకోవాలి. ఫ్లోరైడ్ పేస్టుకు అదనంగా ఇవి చేసే మేలు గురించి పరిశోధనల ఫలితాలు ఒకేలా లేవు. డబ్బు పరిమితమైతే ముందు పేస్టు, బ్రష్ సరిగ్గా చూసుకోండి. పాల ప్రొటీన్ అలర్జీ ఉన్నవాళ్ళు ఈ క్రీముల జోలికి వెళ్ళకూడదు.

నిమ్మరసం రుద్దడం అన్నిటికంటే చెడ్డ చిట్కా. దాని పీహెచ్ 2కు కాస్త ఎక్కువ, ఎనామిల్ కరిగే హద్దుకు చాలా కింద. బొగ్గుపొడి గరుకుగా ఉండి పన్నును అరగదీస్తుంది. వంటసోడా ఒక్కటే అయితే పెద్ద హాని లేదు, కానీ మచ్చకు చేసేదీ ఏమీ లేదు. దానికి నిమ్మరసం కలిపితే సోడాకున్న ఆమ్లాన్ని తగ్గించే గుణం కూడా పోతుంది.

నాలుగు వారాలకోసారి అదే కిటికీ దగ్గర, అదే దూరం నుంచి తడి, పొడి ఫొటోలు తీసి పోల్చండి. ముందుగా వచ్చే మార్పు రంగులో కాదు, మెరుపులో. గరుకుతనం పోయి నున్నబడితే మచ్చ ఆగిందని అర్థం. తెలుపు తగ్గడం దాని తర్వాత, మెల్లగా. క్లిప్పులు తీశాక వచ్చే మెరుగుదలలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లోనే కనిపిస్తుంది. అందుకే కనీసం మూడు నెలలు, వీలైతే ఆరు నెలలు చూసి, అప్పుడు మిగిలినదానికి కింది చికిత్సలు ఆలోచించండి. కొన్ని మచ్చలు పూర్తిగా గట్టిపడ్డాక కూడా తెల్లగానే ఉండిపోతాయి. రోగం పోయింది, మచ్చ మిగిలింది అంతే.

నాలుగో అడుగు: క్లినిక్‌లో ఫ్లోరైడ్ వార్నిష్

పెరుగుతున్న మచ్చలకు దంతవైద్యులు 5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు. ఇందులో ఫ్లోరైడ్ 22,600 పీపీఎం. పన్ను తుడిచి, పలచగా పూస్తే లాలాజలం తగలగానే గట్టిపడుతుంది. ఆ రోజంతా గట్టివి నమలకూడదు, వేడివి తాగకూడదు. కనీసం నాలుగు గంటలు, కుదిరితే మర్నాటి వరకు తోమకూడదు. పళ్ళు ఒకరోజు పసుపురంగులో కనబడితే కంగారు పడకండి. పుచ్చు వచ్చే అవకాశాన్ని బట్టి మూడు నుంచి ఆరు నెలలకోసారి మళ్ళీ పూస్తారు. చాలా వార్నిష్‌లలో చెట్టు జిగురు నుంచి వచ్చే రోజిన్ ఉంటుంది. దానికి అలర్జీ ఉన్నా, నోట్లో పుండ్లున్నా ముందే చెప్పాలి.

ఒక చిక్కు ఉంది. బాగా గాఢమైన ఫ్లోరైడ్ మచ్చ పై పొరను త్వరగా గట్టిపరుస్తుంది. పుచ్చు ఆగుతుంది గానీ, లోపలికి ఖనిజం చేరే దారి మూసుకుపోయి తెలుపు అలాగే ఉండిపోవచ్చు. క్లిప్పులు తీసిన కొత్తలో పై ముందు పళ్ళ మచ్చలకు చాలామంది వైద్యులు మొదటి కొన్ని వారాలు మామూలు పేస్టుతోనే సరిపెట్టడానికి కారణం ఇదే. వెనక పళ్ళ మీద, లేదా మచ్చలు వేగంగా పెరుగుతున్నప్పుడు అందం ఆలోచించకూడదు, వార్నిష్ వేయించుకోండి.

ఐదో అడుగు: మిగిలిన తెలుపును తగ్గించుకోవడం

బ్లీచింగ్ మచ్చను తీసేయదు. చుట్టూ ఉన్న పన్నును తెల్లబరిచి, మచ్చ కొట్టొచ్చినట్టు కనబడకుండా చేస్తుంది. లేత మచ్చలకు, తేలికపాటి ఫ్లోరోసిస్‌కు ఇది ఒక్కటే సరిపోవచ్చు. వైద్యులు మీ పళ్ళ అచ్చుతో చేసిన పలచటి ట్రేలో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ చుక్కచుక్క వేసి, రాత్రిపూట రెండు నుంచి నాలుగు వారాలు పెట్టుకోమంటారు. మొదటి రోజుల్లో మచ్చ ఇంకా తెల్లగా కనబడుతుంది, ఎందుకంటే పన్ను ఆరుతుంది. ఇక్కడే చాలామంది భయపడి మానేస్తారు. చివరి ఫలితాన్ని పూర్తయ్యాక రెండు వారాలకు చూడాలి. జివ్వుమంటే రోజు విడిచి రోజు వాడండి. పుచ్చు మచ్చ ఇంకా పెరుగుతుండగా, గర్భంతో ఉన్నప్పుడు, పాలిస్తున్నప్పుడు వాయిదా వేయండి.

రెజిన్ ఇన్‌ఫిల్ట్రేషన్ క్లిప్పుల మచ్చలకు ఇప్పుడున్నవాటిలో మంచిది. 2009లో ఐకాన్ పేరుతో జర్మనీకి చెందిన డీఎంజీ సంస్థ దీన్ని మార్కెట్లోకి తెచ్చింది. డ్రిల్లు, మత్తు ఇంజెక్షన్ అవసరం లేదు. చిగురుకు రబ్బరు తెర కట్టి, 15 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం జెల్‌ను రెండు నిమిషాలు ఉంచుతారు. ఇది పైన ఉన్న గట్టి పొరను తీసి లోపలి రంధ్రాలకు దారి చేస్తుంది. కడిగి, ఆరబెట్టి, ఇథనాల్ వేసి అరనిమిషం చూస్తారు. ఇథనాల్ రంధ్రాల్లోకి వెళ్ళి, చివరి ఫలితం ఎలా ఉంటుందో ముందే చూపిస్తుంది. అప్పుడు మచ్చ మసకబారితే ముందుకు వెళ్ళవచ్చు. మసకబారకపోతే ఆమ్లం మళ్ళీ వేయాలి, సాధారణంగా మొత్తం మూడుసార్ల వరకు. తర్వాత నీళ్ళంత పలచటి రెజిన్ మూడు నిమిషాలు పీల్చుకోనిచ్చి, పళ్ళ మధ్య మిగిలింది ఫ్లాస్‌తో తీసి, 40 సెకన్లు లైటుతో గట్టిపరుస్తారు. రెండోసారి ఒక నిమిషం రెజిన్, మళ్ళీ లైటు, చివర పాలిష్. రెజిన్ సూచిక ఎనామిల్‌కు దగ్గరగా ఉండడంతో కూర్చున్న కుర్చీలోనే మచ్చ కలిసిపోతుంది.

ఇది పాడయ్యేది ఎక్కడంటే, ఇథనాల్ పరీక్ష తొందరగా ముగించినప్పుడు. మచ్చ సగం పోయి, మధ్యలో తెల్లటి చుక్కలు మిగులుతాయి. లాలాజలం తగిలినా రెజిన్ లోపలికి వెళ్ళదు. పాలిష్ సరిగా చేయకపోతే కొన్ని నెలల్లో టీ, కాఫీ మరక పడుతుంది, అయితే ఇది మళ్ళీ పాలిష్ చేస్తే పోతుంది. ఎంఐహెచ్ మచ్చల్లో ఫలితం ముందుగా చెప్పలేం, లోపం లోతున ఉండి పైన మంచి ఎనామిల్ మూసి ఉంటుంది కాబట్టి. రంధ్రం పడిన పంటికి ఇది పనికిరాదు.

బ్లీచింగ్, ఇన్‌ఫిల్ట్రేషన్ రెండూ చేయించుకోవాలనుకుంటే బ్లీచింగ్ ముందు. అది ముగిశాక కనీసం రెండు వారాలు ఆగాలి. పంటిలో మిగిలిన ఆక్సిజన్ రెజిన్‌ను గట్టిపడనివ్వదు. ఇదే నియమం ఫిల్లింగ్‌కూ వర్తిస్తుంది.

పైపైన ఉన్న ఫ్లోరోసిస్ మచ్చలకు, ముఖ్యంగా గోధుమరంగు కలిసినవాటికి, మైక్రో అబ్రేజన్ బాగా పనిచేస్తుంది. 6.6 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం, సిలికాన్ కార్బైడ్ పొడి కలిసిన పేస్టును రబ్బరు కప్పుతో నెమ్మదిగా తిప్పుతూ ఒక్కో నిమిషం రుద్ది, కడిగి, తడి పంటిని చూసి, మళ్ళీ రుద్దుతారు. ఆరిన పంటిని చూస్తూ చేస్తే మచ్చ ఉన్నదాని కంటే తెల్లగా కనబడి అవసరానికి మించి అరగదీస్తారు. మొత్తంమీద పోయే మందం 100 నుంచి 200 మైక్రాన్లు, ముందు పంటి ఎనామిల్ చాలాచోట్ల మిల్లీమీటరు లోపే అని గుర్తుంచుకోండి. కొన్నిసార్లు రుద్దినా మార్పు లేకపోతే మచ్చ లోతుగా ఉందన్నమాట, ఆపి ఇంకో దారి చూడాలి. కళ్ళకు అద్దాలు, చిగురుకు రబ్బరు తెర లేకుండా ఎవరైనా ఈ పని మొదలుపెడితే ఆపమనండి. ఈ ఆమ్లాలు ఆన్‌లైన్‌లో కొని ఇంట్లో ప్రయత్నించడం గురించి చెప్పడానికి ఏమీ లేదు, చేయకండి.

లోతైన మచ్చలకు, గుంటలు పడినవాటికి ఆ చోటు వరకే తీసి కాంపోజిట్ (పంటి రంగులో ఉండే రెజిన్) ఫిల్లింగ్ వేస్తారు. కింద మిగిలిన తెలుపు కనబడకుండా ఒక అపారదర్శక పొర, దానిపైన పంటి రంగు పొర వేయాలి. ఒకే పొరతో ముగిస్తే మచ్చ కిందినుంచి తొంగిచూస్తుంది. పింగాణీ వినీర్లకు (పంటి ముందు అంటించే పలచటి పలకలు) చాలాసార్లు పంటి ముందు భాగమంతా చెక్కాలి, చెక్కింది తిరిగిరాదు, పదిపదిహేనేళ్ళకు మార్చాల్సి రావచ్చు. ఒకటి రెండు తెల్లమచ్చల కోసం ఎవరైనా నేరుగా వినీర్లు చెప్తే, ఇన్‌ఫిల్ట్రేషన్ ఎందుకు కుదరదో అడగండి. కారణం చెప్పలేకపోతే ఇంకొకరి సలహా తీసుకోండి.

క్లిప్పులు ఉన్నవాళ్ళకు

ప్రతి క్లిప్పును వైరు పైనుంచి ఒకసారి, కిందినుంచి ఒకసారి తోమాలి. వైరు కిందికి సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ దూర్చాలి. పాచి ఎక్కడ మిగిలిందో తెలియకపోతే రంగు బిళ్ళ నమలండి, మిగిలిన పాచికి రంగు అంటుకుని కనబడుతుంది. క్లిప్పుకూ చిగురుకూ మధ్య సన్నటి చోటే ఎప్పుడూ మిగిలిపోతుంది. అక్కడ తెల్లబడడం మొదలైతే మీ వైద్యులకు అప్పుడే చూపించండి, క్లిప్పులు తీసేదాకా ఆగకండి. శుభ్రత కుదరకపోతే క్లిప్పులు ముందే తీసేయడం కూడా ఒక సరైన నిర్ణయమే.

చిన్నపిల్లలకు

నెలకోసారి పిల్లల పై పెదవి ఎత్తి చూడండి. పై ముందు పాలపళ్ళ చిగురు అంచున తెల్లటి గీత కనిపిస్తే అది పుచ్చు. పాలసీసాతో నిద్రపోయే పిల్లల్లో ముందుగా వచ్చేది ఇక్కడే. పాలపళ్ళ ఎనామిల్ పలచన కాబట్టి కొన్ని నెలల్లోనే గోధుమరంగుకు తిరిగి విరిగిపోతుంది. నిద్రలో సీసా మాన్పించి, వెంటనే వార్నిష్ పూయించండి.

మొదటి పన్ను రాగానే 1,000 పీపీఎం పేస్టు మొదలుపెట్టవచ్చు. మూడేళ్ళలోపు వరిగింజంత, మూడు నుంచి ఆరేళ్ళ వరకు బఠాణీ గింజంత, అంతకుమించి వద్దు. బ్రష్ నిండా పేస్టు పెట్టడం ప్రకటనల్లో అందంగా ఉంటుంది, పిల్లలు దాన్ని మింగడమే ఫ్లోరోసిస్‌కు ఒక కారణం. పేస్టు పెద్దవాళ్ళే వేయాలి, గొట్టం అందనిచోట ఉంచాలి.

తాగేది బోరు నీరైతే ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన హద్దు లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అంతకంటే ఎక్కువుంటే కాచి చల్లార్చడం వల్ల ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై అది ఇంకా చిక్కబడుతుంది. మట్టిని ఆపే మామూలు ఫిల్టర్లూ పనిచేయవు. రివర్స్ ఆస్మాసిస్ యంత్రం గానీ, యాక్టివేటెడ్ అల్యూమినా ఫిల్టర్ గానీ కావాలి. పాలపొడి కలిపి పట్టే పసిపిల్లలున్న ఇంట్లో ఇది మరీ ముఖ్యం, వాళ్ళ ఆహారమంతా ఆ నీళ్ళతోనే తయారవుతుంది. యంత్రం పెట్టాక బయటికి వచ్చే నీటిని కూడా పరీక్ష చేయించండి. మెంబ్రేన్ పాతబడ్డాక, అల్యూమినా నిండిపోయాక ఫ్లోరైడ్ మళ్ళీ దాటి వస్తుంది, రుచిలో, రంగులో తేడా తెలియదు.